బీరువాలోని ఏడు పావురాలు

చిన్నమ్మ పదకొండో దినం కర్మ నేనే చేశాను. మల్లేశం కాకకు, అంటే మా బాపు తమ్ముడికి, పిల్లలు లేరు. కాక పోయినప్పుడు తలకొరివి పెట్టింది నేనే, ఆయన భార్యకు పెట్టిందీ నేనే. లాల్‌దర్వాజాలో వాళ్లు చివరిదాకా కాపురమున్న కిరాయి ఇంటి ముందు టెంటు వేసి, బగారా అన్నం, మాంసం కూర వడ్డిస్తుంటే, గల్లీ చివరింటి ముసలమ్మ ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. నా గుండు తడిమి, "ఆళ్లకు కొడుకు లేని లోటు తీర్చినవ్. నీ కాకకు ఎంత పేరు తెచ్చినవ్ బిడ్డా! గా పేరుతోనే ఇద్దరు సంబరంగ బతికిండ్రు" అంది. చేతిలో ముద్ద విస్తట్లోనే వదిలి నీళ్ల గ్లాసు కోసం వెతుక్కున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నేను దుఃఖం ఆపుకుంటున్నానని అనుకున్నారు. నాకు సిగ్గేసింది. కాకకు నేను తెచ్చిన పేరు ఎలాంటిదో తెలిసినవాళ్లం ఇద్దరమే. రెండో ఆయన ఎప్పుడో పోయారు. చిన్నమ్మకు ఒక్క మాట చెప్పాలని ఏళ్ల తరబడి అనుకుని, చెప్పకుండానే ఆమెను సాగనంపాను. ఇప్పుడు రాయకపోతే ఇక రాసేది లేదు.

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పరిణామం పాఠం వచ్చిన ప్రతిసారీ పావురాల కథ చెప్పేవాణ్ణి. రకరకాల రంగుల పావురాలను కలిపితే రెండో తరంలో ఎక్కడిదో పాత అడవి పావురం రంగు తిరిగి వస్తుందని, అన్నింటికీ మూలపురుషుడు ఒక్కడేనని చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. వెనక బెంచీలవాళ్లు కూడా ముందుకు వంగి వినేవారు. "ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు, మా ఇంటి మిద్దె మీద నేను చేసి చూశాను" అని ముగించేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు ముప్పైసార్లు తీసుకున్నాను. అబద్ధం ఒకసారి ఆడితే తప్పు అనుకోవచ్చు, ఏటా ఆడేదాన్ని ఏమనాలో నాకు తెలియదు.

ఆ రోజుల్లో మేమంతా ఆ ఇంట్లోనే ఉండేవాళ్లం. ముందు గదిలో బాపు, అమ్మ, నేను. వెనక గదిలో కాక, చిన్నమ్మ. మిద్దె మీద పావురాలు. బాపు సర్కారీ ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని చేసేవాడు. ఆయన వేళ్ల సందుల్లో సిరా ఎంత రుద్దినా పోయేది కాదు. కాకది గోడలకు సున్నాలు వేసే పని. పెళ్లిళ్లకు, పండుగలకు ముందు చేతినిండా పని, మిగతా రోజుల్లో మిద్దెనిండా పావురాలు. పొద్దున నాకు మెలకువ వచ్చేది ఆయన ఈలతోనే. ఆ ఈలకు పైన రెక్కల చప్పుడు, సజ్జలు రేకు మీద చల్లిన చప్పుడు, వెనకాలే చిన్నమ్మ లొల్లి మొదలయ్యేవి. "ఇంట్ల పిండికి సజ్జలు లెవ్వు గని మిద్దె మీదోళ్లకు మాత్రం దావత్!" అని ఆమె కింద నుంచి అరిచేది. అరుస్తూనే, కాక పనికి పోయిన రోజు మధ్యాహ్నం మట్టిచిప్పల్లో నీళ్లు మార్చేది ఆమే. మా ఇంటి వాసన ఇప్పటికీ నాకు తెలుసు: నానబెట్టిన సున్నం, పావురాల రెట్ట, బాపు చొక్కాకు అంటిన సిరా, అమ్మ పొయ్యి మీద మాడిన పచ్చి పులుసు తాలింపు. కాలేజీలో చేరాక ఆ వాసన నా బట్టల్లో ఉందేమోనని బస్సెక్కే ముందు చొక్కా ఎత్తి వాసన చూసుకునేవాణ్ణి.

బాపు లెక్కలో కాక చెడిపోయిన మనిషి. "నలభై ఏండ్లొచ్చె, ఇంకా ఆకాశం దిక్కు సూసుకుంట ఈలలేస్తడు" అని అమ్మతో అనేవాడు. కానీ పావురాలు ఎగరేసేవాళ్లలో, అంటే కబూతర్‌బాజ్‌లలో, కాక మాటకు విలువ ఉండేది. హుస్సేనీ ఆలంలో వాళ్లంతా కూర్చునే చాయ్ హోటల్ ఒకటి ఉంది. అక్కడ కాకకు ఒక మూల బల్ల రాసిచ్చినట్టే. ఆయన దగ్గర తెల్లని లక్కా పావురాల జంట ఉండేది. లక్కా అంటే తోక విసనకర్రలా విప్పుకుని, ఛాతీ ముందుకు పెట్టి నడిచే జాతి. కాక తొమ్మిదేళ్లపాటు ఒక్క నల్ల ఈక చొరబడకుండా ఆ నస్ల్ నిలబెట్టాడు. నస్ల్ అంటే వంశం. పావురాలవాళ్లలో ఒక పద్ధతి ఉంది: ఎవడైనా వంశం కలిపేస్తే, జాతిని జాతితో జత కట్టిస్తే, వాడి మీద 'ఖిచిడీవాలా' అని పేరు పడుతుంది. ఆ తర్వాత వాడి దగ్గర పిల్లల్ని ఎవరూ తీసుకోరు, హోటల్లో వాడి మాట ఎవరూ ఆగి వినరు. కాకకు ఈ విద్య నేర్పింది మొఘల్‌పురా ఖాదర్ భాయ్. కోర్టులో గుమాస్తాగా చేసి దిగిన మనిషి, ఉర్దూ, ఇంగ్లీషు రెండూ చదువుతారు, ఇస్త్రీ షేర్వానీ లేకుండా గడప దాటరు. కాకను ఆయన తమ్ముడిలా చూసేవారు. నన్ను చూస్తే "బేటా, కాలేజీ ఎట్లుంది?" అని ఆగి అడిగేవారు.

కాలేజీ మూసీ అవతల. నేను పదో తరగతి దాకా తెలుగులో చదివి, బి.ఎస్సీలో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డాను. ఫార్మలిన్ వాసనకు మొదటి నెలంతా కళ్లు మండేవి. అయినా ఆ లాబు నాకు నచ్చింది. మనిషి చెయ్యి, గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు, మూడింటి ఎముకలనూ పక్కపక్కన పెట్టి రికార్డులో గీసిన రోజు నాకు బాగా గుర్తు. అవే ఎముకలు, అదే వరస. పెన్సిల్ చెక్కుకుంటూ చెక్కుకుంటూ ఆ మూడు బొమ్మలనే చూస్తూ కూర్చున్నాను. నాతో చదివేవాళ్లు ఎక్కువమంది కోస్తా నుంచి వచ్చిన ఆఫీసర్ల పిల్లలు. నేను "వచ్చిన, పోయిన" అంటే నవ్వేవారు. చెడ్డవాళ్లని కాదు, నవ్వు వచ్చి నవ్వేవారు. నేను మాత్రం ప్రతి నవ్వునూ ఇంటికి మోసుకొచ్చి బాపు మాట మీద, చిన్నమ్మ అరుపు మీద, కాక ఈల మీద కోపంగా మార్చుకునేవాణ్ణి.

పరిణామం చెప్పిన సారు మంచి మాటకారి. ఆ సిద్ధాంతం చెప్పిన గడ్డపు ఇంగ్లీషాయన ఇంట్లో పావురాలు పెంచాడని, వాటిని కలిపి చూశాడని, తెల్లదీ నల్లదీ ఎర్రచుక్కదీ కలిస్తే మనవల్లో నీలి అడవి పావురం పుట్టిందని ఒకరోజు చెప్పారు. "మీలో ఎవరైనా కళ్లారా చూశారా? చూడరు. మనకు పరీక్షకు వస్తే చాలు" అన్నారు నవ్వుతూ. ఆ సాయంత్రం మిద్దె మీద కాక రేకు డబ్బా గోకి రెట్ట తీస్తుంటే ఈ సంగతి చెప్పాను. మనిషి, కోతి కూడా ఒక పూర్వీకుడి నుంచే వచ్చారట అని కూడా చెప్పాను. కింద నుంచి చిన్నమ్మ, "మీ కాకను సూస్తే నాకెప్పుడో తెల్సింది" అంది.

కాక గోకడం ఆపలేదు. "మనుషుల సంగతి నాకెర్క లేదు నర్సిం. పావురాలదైతే నిజమే. ఎన్ని రంగులు కలిపితివో అన్నీ పోయి, ఆఖరుకు చార్మినార్ మీద గూడు పెట్టే జంగ్లీ రంగే వస్తది. రెక్క మీద రెండు నల్ల గీతలు. గందుకే గద మేం కలపనియ్యం."

"నువ్వు సూసినవా?"

"మా ఉస్తాద్‌లు చెప్తే విన్న. సూడాల్నంటే ఎవడో ఒకడు ఖిచిడీ చెయ్యాలె గద. ఎవడు చేస్తడు?"

నేను అడగలేదు. ఈ ఒక్క విషయంలో నా తప్పు లేదు. కాకే వారం రోజులు ఏదో ఆలోచనగా తిరిగి, ఒక ఆదివారం లక్కా జంటను విడదీశాడు. పావురాలు జత కట్టాయంటే అంత తేలిగ్గా విడిపోవు. తెల్ల పెట్టను నల్ల పుంజుతో ఒక డబ్బాలో పెట్టి మూత వేసి, రోజుల తరబడి చీకట్లో ఉంచాలి. బయట లక్కా పుంజు ఆ డబ్బా చుట్టూ తిరుగుతూ కూసేది. తిండి ముట్టేది కాదు. నాలుగో రోజు కాక దాన్ని చంకలో పెట్టుకుని మొఘల్‌పురా వెళ్లి ఖాదర్ భాయ్‌కి ఇచ్చేసి వచ్చాడు. అది కూస్తుంటే వినలేనని చెప్పాడు. నల్ల పుంజు తోబుట్టువును నెత్తిన ఎర్రచుక్క ఉన్న పెట్టతో ఇంకో డబ్బాలో జత కట్టించాడు. వారం తిరక్కముందే ఖాదర్ భాయ్ మా ఇంటికి వచ్చారు. మిద్దె మెట్లు ఎక్కీ ఎక్కకముందే, "క్యా మియా మల్లేశం, దిమాగ్ ఖరాబ్ అయిందా? తొమ్మిదేండ్ల నస్ల్!" అన్నారు.

"పోరని సదువుకు భాయ్" అన్నాడు కాక.

"సదువు కితాబులో ఉంటది. పావురాన్ని ఎందుకు ఖరాబ్ చేస్తవ్?"

"కితాబుల ఉన్నది ఎవ్వరు సూడలేదట. మనోడు సూపెడ్తడు."

ఖాదర్ భాయ్ నా వైపు తిరిగారు. "బేటా, దీని కదర్ మర్చిపోకు" అని, దీని విలువ మరవొద్దని చెప్పి దిగి వెళ్లిపోయారు.

ఏడాదిన్నర పట్టింది. మొదటి పిల్లలు నల్లగా, అక్కడక్కడ తెల్ల మచ్చలతో పుట్టాయి. రెండో జంట పిల్లలు మసి పట్టిన గోధుమ రంగు. అవి పెరగాలి, వాటికి జత కట్టించాలి, గుడ్లు పెట్టాలి. ఈలోగా హుస్సేనీ ఆలం హోటల్లో కాకను ఖిచిడీవాలా అనడం మొదలుపెట్టారు. ముందు నవ్వుతూ అన్నారు, తర్వాత మామూలుగా అన్నారు. మూల బల్ల దగ్గర ఇంకెవరో కూర్చోవడం మొదలైంది. కాక చాయ్ ఇంట్లోనే తాగడం మొదలుపెట్టాడు. చిన్నమ్మ, "ఏందయ్యా, హోటల్ మూసేసిండ్రా?" అని అడిగితే, "చక్కెర ఎక్కువేస్తుండ్రు" అన్నాడు. ఏ జంట ఎప్పుడు కలిసింది, ఏ గుడ్డు ఎప్పుడు పగిలింది అన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఆయన చెప్తుంటే నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. నేను చేసిన పని అదొక్కటే.

ఒక పొద్దున ఈల వినపడలేదు. "నర్సిం! జర పైకి రా బిడ్డా" అని మెల్లగా పిలిచాడు. డబ్బా మూత పక్కకు జరిపి చూపించాడు. గూట్లో రెండు పిల్లలు. ఒకటి నల్లది. రెండోదానికి అప్పుడే ఈకలు విచ్చుకుంటున్నాయి: బూడిద నీలం, రెక్క మీద రెండు నల్ల గీతలు. తాతలూ నాయనమ్మలూ నలుగురిలో ఒక్కరికీ ఆ రంగు లేదు. నా ఒళ్లు జల్లుమంది. గబ్బిలం రెక్క గీసిన రోజు కలిగిన సంతోషానికి పదింతలు. కాక మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని, "ఎంత దూరం నుంచి వచ్చినవే తల్లీ" అన్నాడు. నేను ఆ తర్వాత చదివిన ఏ పుస్తకమూ పరిణామం గురించి అంతకంటే బాగా చెప్పలేదు.

ఆఖరి సంవత్సరం కాలేజీలో సైన్సు ప్రదర్శన పెట్టారు. ఏడు పావురాలనూ తీసుకుపోదామన్నాడు కాక: నలుగురు తాతలూ నాయనమ్మలూ, తల్లీ తండ్రీ, ఆ నీలిది. పంజరాలు సైకిల్‌కు రెండు వైపులా కట్టుకుని, తొక్కకుండా, పావురాలు కుదుపుకు బెదురుతాయని మూసీ వంతెన మీదుగా నడిపించుకుంటూ వచ్చాడు. తలంటుకుని, పెళ్లికి కుట్టించిన నల్ల కోటు వేసుకున్నాడు. చేతులకు మాత్రం సున్నం పగుళ్లు దాగలేదు. హాల్లో బల్ల మీద పంజరాలు సర్ది, తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను చార్టు ముందు నిలబడి ఇంగ్లీషులో చెప్పాను. రాత్రంతా బట్టీ పట్టిన ఇంగ్లీషు, ఒక్క తడబాటు లేదు. ప్రిన్సిపాల్ గారు, బయటి కాలేజీల నుంచి వచ్చిన పెద్దలు చుట్టూ చేరారు. సారు ముఖం వెలిగిపోతోంది.

"ఎవరివోయ్ ఈ పక్షులు? ఎక్కడ సంపాదించావు?" అన్నారు.

"నావే సార్. ఇంట్లో నేనే పెంచాను." 'పెంచిన' అని కూడా అనలేదు, 'పెంచాను' అన్నాను.

"జతలు కట్టించింది కూడా నువ్వేనా?"

"అవును సార్."

"మరి ఆయనెవరు?" సారు తలుపు వైపు చూశారు. కాక అది చూసి, ముందుకు రావాలా వద్దా అన్నట్టు కోటు గుండీ సరిచేసుకున్నాడు.

"పంజరాలు మోసుకొచ్చిన మనిషి సార్" అన్నాను.

ఆ మాటలో అబద్ధమేం ఉంది, మోసుకొచ్చింది నిజమే కదా అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ హాలు చిన్నది కాదు, ఆ చప్పుడులో కాకకు వినపడి ఉండదని కూడా చెప్పుకున్నాను. వినపడిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మళ్లీ గోడకు ఆనుకున్నాడు.

మొదటి బహుమతి నాకే ఇచ్చారు. అయ్యాక సారు భుజం మీద చెయ్యి వేసి, "ఇవి మన మ్యూజియంలో ఉండిపోవాలోయ్. ఇవాళే చర్మాలు తీసి భద్రం చేద్దాం. నీ చెయ్యి మంచిది, నువ్వే చెయ్యి. నీకేం అభ్యంతరం లేదుగా, నీ పక్షులేగా?" అన్నారు. అప్పటికైనా నోరు తెరవవచ్చు. ఒక్క మాట, 'మా కాకవి సార్, అడిగి చెప్తాను' అంటే సరిపోయేది. అంటే ఇందాకటి మాట అబద్ధమని తేలుతుంది. "లేదు సార్" అన్నాను.

బయటికి వచ్చి కాకతో, "రెండు రోజులు ఇక్కడే ఉంచుకుంటరట" అన్నాను. ఆయన సంతోషంగా తలూపాడు. కోటు జేబులోంచి సజ్జల మూట తీసి నా చేతిలో పెట్టాడు. "పొద్దున ఒక పిడికెడు, సాయంత్రం ఒక పిడికెడు. తెల్ల పెట్ట ముసల్దైంది, దానికి జర నానబెట్టి ఎయ్యి. ఫికర్ చెయ్యకు, నేను పోతున్న" అన్నాడు. ఖాళీ సైకిల్ ఎక్కి తొక్కుకుంటూ పోయాడు.

క్లోరోఫాం దూది, గాజు జాడీ. ఒక్కొక్కటే. చెయ్యి వణకలేదు, అది కూడా రాయాలి. మైనం పళ్లెంలో తెల్ల పెట్టను వెల్లకిలా పెట్టి గొంతు కింద కోత పెట్టినప్పుడు దాని ఆహారపు సంచి తెగింది. పొద్దున కాక పెట్టిన సజ్జలు పళ్లెంలోకి జారాయి. ఇంకా అరగలేదు, తడిసి మెరుస్తున్నాయి. సారు పక్కనుంచి "శుభ్రం చేసెయ్, మరక పడుతుంది" అన్నారు. శుభ్రం చేశాను. ఏడింటికీ కళ్లు తీసి దూది పెట్టి, కాళ్లకు దారం కట్టాను. బల్ల మీద వరసగా పడుకోబెట్టి, వంశం ఎలా సాగిందో తెలిసేలా అద్దాల బీరువాలో అమర్చాం. సారు చక్కటి అక్షరాలతో ఇంగ్లీషులో ఒక చీటీ రాసి కింద అంటించారు. పెంచినవారు అన్నచోట నా పేరుంది.

నాలుగు రోజులు రేపు, మాపు అని దాటేశాను. ఐదో రోజు కాక కాలేజీకి వస్తానన్నాడు. ఇక చెప్పక తప్పలేదు. "మ్యూజియంల పెట్టిండ్రు కాకా" అన్నాను.

"పానంతోనేనా?"

నేను ఖాళీ డబ్బా మూత సరిచేశాను. ఆయన మిద్దె పిట్టగోడ మీద కూర్చున్నాడు. "నన్నొక్క మాట అడగకపోతివి నర్సిం" అన్నాడు. తర్వాత, "తెల్లదాన్ని కూడనా?" అన్నాడు. నేను తలూపాను. కింద చిన్నమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. "సరే తియ్యి. సదువు కోసమే గద పెంచింది. ఒక్కపారి సూపెట్టు" అన్నాడు.

మర్నాడే తీసుకుపోయాను, సారు లేని సమయం చూసుకుని. కాక బీరువా ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచాడు, నాకు ఆ పేర్లు ఉన్నాయనే తెలియదు. కళ్ల చోట దూది చూసి ముఖం తిప్పుకున్నాడు. తర్వాత చీటీ వైపు చెయ్యి చూపించి, "గిదేం రాసిండ్రు?" అన్నాడు. ఆయనకు తెలుగు అక్షరాలే కూడబలుక్కుంటే గాని రావు. ఆ ముఖం చూడలేకపోయాను. ఆ ముఖం మీద ఏదో ఒకటి పెట్టి కప్పెయ్యాలనిపించింది.

"నీ పేరే కాకా. పెంచింది మల్లేశం, లాల్‌దర్వాజా అని రాసిండ్రు."

"నా పేరు? ఇంగ్లీషుల?"

"ఇంగ్లీషుల."

మొదటి అబద్ధం నా గొప్ప కోసం ఆడాను. రెండోది జాలితో ఆడానని చెప్పుకుంటాను గానీ, అది కూడా నా కోసమే. ఆయన నన్ను ఏమీ అడగకుండా ఉండాలని. అది ఎంత బాగా పనిచేసిందంటే, ఆ సాయంత్రమే కాక, ఏడాదిగా గడప తొక్కని హుస్సేనీ ఆలం హోటల్‌కు వెళ్లాడు. పెద్ద కాలేజీలో అద్దాల బీరువాలో తన పేరు ఉందని చెప్పాడు. చిన్నమ్మ నల్లా దగ్గర ఆడవాళ్లకు చెప్పింది. బాపు సైతం రాత్రి అన్నం తింటూ, "నేను దినమంతా ఊళ్లోళ్ల పేర్లన్నీ కూర్సి అచ్చేస్త, నా తమ్ముని పేరు నేను అచ్చెయ్యకనే అచ్చయింది" అన్నాడు. ఆ అన్నదమ్ములు అలా నవ్వుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. ఖిచిడీవాలా అనడం ఆగిపోయింది. మూల బల్ల కాకకు తిరిగి వచ్చింది. మా గల్లీలో ఆయన నడక మారింది. నేను ఆ నడక చూడలేక పక్క సందులోంచి తిరిగి వచ్చేవాణ్ణి.

ఎవరికైనా చూపించకపోతే ఆ సంతోషం నిండదు కదా. ఒక శనివారం కాక ఖాదర్ భాయ్‌ని వెంటబెట్టుకుని కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాడు. ఇంగ్లీషు చదవగల మనిషని తెలిసే తెచ్చాడు, గట్టిగా చదివిస్తే వినాలని. తాళం లేదని చెబుదామనుకున్నాను, అటెండర్ అక్కడే తాళంచెవి తిప్పుతూ నిలబడ్డాడు. ముగ్గురం బీరువా ముందుకు చేరాం. ఖాదర్ భాయ్ ముందు పావురాలను చూసి పెదవుల్లో ఏదో దువా చదివారు. షేర్వానీ జేబులోంచి కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, చీటీ మీదికి వంగారు. కాక ఆయన భుజం పక్కనుంచి తొంగి చూస్తున్నాడు.

ఖాదర్ భాయ్ మొదటిసారి లోపల చదువుకున్నారు. నా వైపు చూడలేదు. మళ్లీ వంగి, కోర్టులో పేర్లు పిలిచే గొంతుతో, ఒక్కో మాటా ఆపి ఆపి పైకి చదివారు. "మల్లేశం. లాల్‌దర్వాజా. హైదరాబాద్. ఉస్తాద్ కబూతర్‌బాజ్."

"ఉస్తాద్ అని కూడ ఉన్నదా?" కాక నా వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు. "గది చెప్పకపోతివేంది బిడ్డా?"

"ఉంది మియా, సాఫ్ రాసి ఉంది" అన్నారు ఖాదర్ భాయ్.

కాక సైకిల్ తేవడానికి ముందు నడిచాడు. మేమిద్దరం వరండాలో వెనక ఉన్నాం. ఖాదర్ భాయ్ కళ్లద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. కోప్పడతారనుకున్నాను, కోప్పడితే బాగుండును. "నా ఉమర్‌లో కోర్టు కాగితం ఒక్కటి కూడా తప్పు చదవలేదు బేటా. ఇయ్యాల చదివిన. నేనెట్ల చదివిన్నో గట్లనే రాసెయ్. ఉస్తాద్ అన్నది మర్చిపోకు" అన్నారు. నేను "తప్పకుండ" అన్నాను.

రాయలేదు. అరచేతి పాటి అట్ట ముక్క, సిరా, జిగురు. రెండు నిమిషాల పని. పరీక్షలయ్యాక రాద్దామనుకున్నాను. పై చదువు సీటు ఇంటర్వ్యూలో సారు ఆ పావురాల సంగతే చెప్పి నన్ను మెచ్చుకున్నారని తెలిశాక, సీటు వచ్చాక రాద్దామనుకున్నాను. సీటు వచ్చింది. సీటు వచ్చాక, ఇప్పుడు మారిస్తే సారు మాట పోతుందనుకున్నాను. కొన్నేళ్లకు ఆ బీరువాలో పురుగు పడి పావురాల ఈకలు రాలిపోయాయని, చీటీతో సహా తీసి పారేశారని విన్నాను. ఆ మాట విన్నప్పుడు నాకు బాధ కంటే ముందు ఊరట కలిగింది. ఇప్పుడు పిల్లల ప్రాజెక్టు పుస్తకాల్లో మొదటి పేజీనిండా కృతజ్ఞతలుంటాయి: అమ్మకు, నాన్నకు, జిరాక్సు తీసినవాళ్లకు కూడా. ఉత్త ఆనవాయితీ అని నా తోటివాళ్లు విసుక్కునేవారు. నేను మాత్రం ప్రతి పేరూ చదివేవాణ్ణి, ఆ పేజీ చదవకుండా మార్కులు వేసింది లేదు. నగరంలో బాల్కనీలకు ఇప్పుడు పావురాలు రాకుండా వలలు కడుతున్నారు. మా ఇంటికీ మావాళ్లు కట్టించారు. నేను వద్దనలేదు.

నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చిన రోజు కాక గల్లీ అంతా మిఠాయి పంచాడు. ఒక డబ్బా పట్టుకుని నన్ను మొఘల్‌పురా తీసుకుపోయాడు, ఉస్తాద్‌కు నా చేత్తో ఇప్పించాలని. ఖాదర్ భాయ్ అప్పటికి బాగా ముసలివారయ్యారు. లేచి నిలబడి, నాతో రెండు చేతులా కరచాలనం చేశారు. నేను కుర్రవాణ్ణి, ఆయన నా కోసం లేవాల్సిన పని లేదు. చిన్నప్పటి నుంచి నన్ను ఒకే మాటతో పిలిచిన మనిషి, ఆ రోజు చీటీ రాశావా అని అడగకుండా, కుర్చీ నా వైపు జరిపి, ఎంతో మర్యాదగా, "ముబారక్ లెక్చరర్ సాబ్, తష్రీఫ్ రఖియే" అన్నారు. కాక ఆ గౌరవానికి పొంగిపోయి నా వైపు చూశాడు. ఆ తర్వాత ఆయన బతికున్న ఏడేళ్లలో నన్ను ఇంకెప్పుడూ బేటా అనలేదు.